పొగకు మొహమాటం లేదు

మార్చి 1, శనివారం

మధ్యాహ్నం మూడింటికి చేరాను. టెంటు వేయడానికి నలభై నిమిషాలు పట్టింది. అవతలి కొస పట్టుకునే మనిషి ఉంటే పావుగంట పని.

క్యాంపు మేనేజరు రిజిస్టరు తిప్పుతూ, "పోయినేడు రాలేదేం? పద్దెనిమిదో నంబరే కదా సార్? ఏటా మీరుండేది అందులోనేగా. ఖాళీగానే ఉంది" అన్నాడు. పదిహేడు ఇమ్మన్నాను. "అక్కణ్ణుంచి సముద్రం కనబడదు సార్. గేటు కనబడుతుంది, అంతే" అన్నాడు. పర్లేదన్నాను. "మేడంగారు రాలేదా?" అన్నాడు. వాళ్ల అక్కగారికి కాలు విరిగింది, తోడుగా వెళ్లింది అని చెప్పాను. అయ్యో పాపం అన్నాడు. ఈ మనిషి మెడలో ఎప్పుడూ విజిలు ఉంటుంది. పదేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి ఊదిన పాపాన పోలేదు.

గాలి మార్పు కోసం వచ్చాను. రిటైరై నాలుగు నెలలైంది. మార్చి మొదట్లో ఇక్కడ జనం ఉండరు, అందుకే ఈ తేదీలు. వేరే కారణమేమీ లేదు.

చీకటి పడేలోపు గేటు దగ్గర నాలుగు బళ్లు ఆగాయి. ఊరికే లెక్కపెట్టాను.

మార్చి 2, ఆదివారం

ఆఫీసు మెట్ల మీద తప్ప ఎక్కడా ఫోను పలకదు. పదింటికి తనకి చేశాను, ప్రతి ఆదివారం చేసినట్టే.

"బాగున్నారా?"

"బాగున్నా. నువ్వు?"

"బాగున్నా."

"వదిన కాలెలా ఉంది?"

"బాగానే ఉంది."

"సముద్రం దగ్గరికి వచ్చాను."

"ఓహో."

ఏ సముద్రం అని అడగలేదు. మా ఇద్దరికీ తెలిసిన సముద్రం ఇదొక్కటే. భోజనం జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది. నిమిషం మీద పన్నెండు సెకన్లు.

గొంతు బాగానే ఉంది. దగ్గు లేదు. ఆయాసం లేదు.

బళ్లు తొమ్మిది. సెలవు రోజు కదా.

మార్చి 3, సోమవారం

పద్దెనిమిదిలోకి ఎవరో దిగారు. ముసలి దంపతులు. ఆవిడే మేకులు కొట్టింది, ఆవిడే తాళ్లు బిగించింది, ఆవిడే కట్టెలు మోసి వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పింది. ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మడత కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. చెయ్యి సాయం కూడా లేదు. కొందరి అదృష్టం అలా ఉంటుంది.

ఆవిడ నన్ను చూసి నవ్వింది. నేనూ తల ఆడించాను. అంతటితో సరి.

ఆ చోటు ఖాళీగా ఉంటే బాగుండేది. ఎందుకో అనిపించింది.

బళ్లు మూడు. ఒకదాంట్లోంచి ఆకుపచ్చ చీరలో ఎవరో దిగారు. కాదు.

మార్చి 4, మంగళవారం

పొగ.

సాయంత్రం ఆరింటికి పద్దెనిమిదిలో నెగడు వేశారు. ఇక్కడ నెగడు వేసుకునే రాళ్లు సిమెంటుతో పాతేసినవి, జరపడానికి లేదు. ఆ వేళకి గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతుంది. పద్దెనిమిది దాటగానే నేనే. ముప్పై నాలుగేళ్లు లిఫ్టు మెకానిక్కుగా చేసినవాణ్ణి, గాలి ఏ దారి పట్టుకుంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. లిఫ్టు గొయ్యిలో కింద తలుపు తీస్తే పదో అంతస్తులో మన చొక్కా ఎగురుతుంది. అలాగే ఆ పొగంతా తిన్నగా వచ్చి నా టెంటులో కాపురం పెట్టింది. కళ్లు మండాయి. దుప్పటి, దిండు, తువ్వాలు, అన్నీ అదే వాసన.

అన్నిటికంటే విసుగు, ఆవిడ ఒక్కచోట కూర్చోదు. మంట చుట్టూ అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. కాలుగాలిన పిల్లిలా. ఏం పని ఉందని?

మేం వచ్చినప్పుడు నెగడు వేయడం మా ఆవిడ పని. టెంటు నాది, మంట తనది. పుల్లల్ని గూడులా పేర్చి ఒక్క అగ్గిపుల్లతో అంటించేది. రెండో పుల్ల గీస్తే ఓడిపోయినట్టు మొహం పెట్టేది. పొగ నా వైపు తిరిగినప్పుడల్లా నేను కుర్చీ ఎత్తుకుని అటు పోయేవాణ్ణి. అది మళ్లీ నా వెంటే వచ్చేది. నేను సణుగుతుంటే తను నవ్వి, "పొగకు మొహమాటం లేదండీ, మీకే ఉంది. వద్దని దాని మొహం మీద చెప్పండి" అనేది.

ఇంటికి వెళ్లాక నాలుగు రోజుల దాకా తన జుట్టులో ఆ వాసన పోయేది కాదు. నాకు పడదని చెప్పేవాణ్ణి.

కళ్లు ఇంకా మండుతున్నాయి. పొగ వల్లే.

మార్చి 5, బుధవారం

మళ్లీ అదే. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా. మళ్లీ ఆవిడ ప్రదక్షిణాలు.

పది అడుగులు వేసి చెప్పి రావచ్చు. లేచాను కూడా. సగం దూరం వెళ్లి, పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చేశాను. కొత్తవాళ్లతో ఏం మాట్లాడతాం? ఆఫీసు గోడకి సూచనల పెట్టె ఉంది, ఉన్నది ఇలాంటి వాటికే కదా. అప్పుడే చీటీ రాసి వేశాను. "పద్దెనిమిదో నంబరువారి పొగ వలన ఇతరులకు ఇబ్బందిగా ఉన్నది." పేరు రాయలేదు. మర్యాదగానే రాశాను.

బళ్లు రెండు.

మార్చి 6, గురువారం

నెగడు లేదు. హాయిగా ఉంది.

మార్చి 7, శుక్రవారం

ఇవాళా లేదు. నిన్న మధ్యాహ్నం మేనేజరు వాళ్ల దగ్గర నిలబడి ఏదో చెప్పడం చూశాను. ఆవిడ తలూపింది.

హాయిగా ఉంది. గాలి శుభ్రంగా ఉంది.

చీకటి పడుతుంటే ఆయన గొంతు వినబడింది. "ఇంకా వెలిగించలేదా టీచరూ?"

"కట్టెలు తడిశాయండీ" అంది ఆవిడ.

"నిన్నా తడేనన్నావు, ఇవాళా తడేనా? వాన పడ్డ చప్పుడు నాకు వినపడలేదే."

కట్టెల మీద పట్టా కప్పే ఉంది. ఎండి గలగలలాడుతున్నాయి. నాకు ఇక్కణ్ణుంచి కనబడుతోంది.

ఆయనకి కనబడదా?

బళ్లు లెక్కపెట్టలేదు. అయిదేమో.

మార్చి 8, శనివారం

టెంటుకి తలుపు ఉండదు కాబట్టి ఆవిడ బయట నిలబడి దగ్గింది. నాలుగు గంటలప్పుడు.

"అన్నయ్యగారూ, లోపలున్నారా?"

బయటికి వచ్చాను. ఆవిడకి అరవై అయిదు పైనే ఉంటాయి. చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. చేతులకి పేడులు గుచ్చుకున్న గీతలు.

"ఇప్పుడు ఇబ్బందేం లేదు కదా? కనుక్కుందామని వచ్చాను."

"దేనికండీ?" అన్నాను, తేలు కుట్టిన దొంగలా.

"పొగకి. మేనేజరు పేరు చెప్పలేదు లెండి, మంచివాడు. కానీ ఈ వరసలో ఉన్నవి రెండే టెంట్లు, గాలి వచ్చేది మీ మీదికి. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఇదీ తేల్చుకోలేకపోతే ఇంకెందుకు?"

నేల చూశాను.

"కోప్పడ్డానికి రాలేదు. తప్పు మాదే. మొదటిరోజే వచ్చి మిమ్మల్ని ఒక మాట అడగాల్సింది. మీరు పలకరించేలా కనిపించకపోయేసరికి మొహమాటపడ్డాను. అయితే మీరూ వచ్చి చెప్పొచ్చు కదా! పది అడుగులు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇక్కడ ఊరంతా కలిపితే ముగ్గురం."

ఏదో ఒకటి అనాలి. క్షమించమని అడగాలి. నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, "మీరు మంట చుట్టూ ఎందుకు తిరుగుతుంటారు?"

ఆవిడ నవ్వింది. ఆ తర్వాత నా టెంటు ముందున్న పెట్టె మీద కూర్చుంది.

ఆయన బోర్డులు రాసే పెయింటరట. నలభై ఏళ్లు. దుకాణాలు, బడులు, పడవలు, వేటి మీదయినా సరే స్కేలు పెట్టకుండా గీత గీసేవాడట. కళ్లకి నీటికాసులు వచ్చి చూపు అంచుల నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మిగిలింది వెలుతురు, చీకటి. అంతే. అదీ ఎన్నాళ్లుంటుందో డాక్టర్లు చెప్పలేమన్నారు.

"మంట కనిపిస్తుంది ఆయనకి. బాగా కనిపిస్తుంది. ఇంట్లో లైటు ముందు నిలబడ్డా కుదర్లేదు, చీకట్లో పెద్ద మంట అయితేనే. ఆ మంటకీ ఆయనకీ మధ్యకి నేను వెళ్తే, నేను కనిపిస్తాను. మొహం కాదు లెండి, నల్లగా, ఆకారం. అటు నడిస్తే అటు చూస్తారు, ఇటు నడిస్తే ఇటు. 'ఒళ్లు చేశావు టీచరూ' అని ఏడిపిస్తారు కూడాను." ఆవిడ చీర కొంగుతో చేతి మీది గీతలు తుడుచుకుంది. "మా వీధిలో మంట వేస్తే ఫైరింజనొస్తుంది. అందుకని ఇక్కడికి. పద్నాలుగు దాకా ఉంటాం."

"ఆయనకి చెప్పలేదా, నెగడు ఎందుకు ఆపారో?"

"చెప్తే ఎవరినో ఇబ్బంది పెట్టామని బాధపడతారు. తడిసిన కట్టెలకైతే ఎవరి తప్పూ లేదు."

ఆవిడ వెళ్లిపోయింది. నేను సూచనల చీటీ ఇంకొకటి తీసుకుని రాశాను. "పద్దెనిమిదో నంబరువారికి నెగడు వేసుకొనుటకు అనుమతి ఇవ్వగలరు." రాసి చదువుకున్నాను. చింపేశాను.

నాకు రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయి. నిన్న, మొన్న, అంతకు ముందు ముప్పై ఏళ్లూ.

మార్చి 9, ఆదివారం

పదింటికి ఫోను. అడుగుదామనే వెళ్లాను.

"బాగున్నారా?"

"బాగున్నా. వదిన కాలు?"

"బాగానే ఉంది."

యాభై ఎనిమిది సెకన్లు. గొంతు బాగానే ఉంది. మధ్యలో ఒకసారి దగ్గింది. ఒక్కసారే. దుమ్ము అయ్యుంటుంది.

వదిన కాలు నయమై ఏడాది దాటింది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులోనైనా రాయాలి.

అటు ముందటి ఏడు జూలై. చంకకి కొంచెం కింద ఏదో గడ్డలా తగులుతోందని తను వంటింట్లో గిన్నెలు తోముతూ చెప్పింది. నా వైపు తిరగలేదు. నేను "చూపించుకో" అన్నాను. పనికి వెళ్లిపోయాను. ఆసుపత్రికి తను ఒక్కతే వెళ్లింది. తర్వాత ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద కవరు. గోధుమరంగుది. మూతికి పిన్ను కొట్టి ఉంది. పైన తన పేరు.

ఆ కవరు ఎనిమిది రోజులు బల్ల మీదే ఉంది. దాని పక్కనే కంచాలు పెట్టుకుని తిన్నాం. ఉప్పు డబ్బా దానికి ఇటు, నీళ్ల జగ్గు దానికి అటు. తను నా మొహంలోకి చూసేది. నేను మజ్జిగ పోసుకునేవాణ్ణి. మాటామంతీ లేకుండా కంచంలో చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణి. తొమ్మిదో రోజు కవరు లేదు. మరో మూడు వారాలకి వదిన మెట్ల మీంచి జారిపడింది. తను పెద్ద పెట్టె సర్దుకుంది. కాలు విరిగిన మనిషికి తోడు వెళ్లేవాళ్లు చలికాలం శాలువా, కుట్టు కత్తెర, పెళ్లినాటి ఫోటో పట్టుకెళ్లరు. అప్పుడే నాకు తెలుసు. రైలెక్కించి వచ్చాను.

లిఫ్టు గొయ్యిలో మాటలు ఉండవు. కింద ఒకడు, పైన ఒకడు. అరిస్తే ప్రతిధ్వని తప్ప మాట అందదు. స్పానరుతో ఇనప పట్టా మీద రెండు దెబ్బలంటే ఆపు, మూడంటే పైకి. నన్ను పనిలో అందరూ మౌనస్వామి అనేవారు. నేను అది మెచ్చుకోలు అనుకున్నాను. "నేనేమన్నా లిఫ్టునా, మీరు కొట్టే దెబ్బలు లెక్కపెట్టుకోడానికి?" అని తను ఒకసారి అంది. నవ్వుతూనే అంది.

అడిగితే నిజమైపోతుందేమోనని భయం. అడక్కుండా ఉన్నంతకాలం అందులో ఏమైనా ఉండొచ్చు. ఏమీ లేకపోవచ్చు. పందొమ్మిది నెలలుగా ప్రతి ఆదివారం ఆ గొంతు వింటున్నాను. బొంగురు ఉందా, నీరసం ఉందా, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోందా అని. కాలు గురించి అడుగుతాను, గొంతు వింటాను.

ఇవాళ దగ్గింది.

మార్చి 10, సోమవారం

పొద్దున ఏడింటికి వెళ్లి పద్దెనిమిది ముందు నిలబడి దగ్గాను.

పెయింటరుగారు కుర్చీలో ఉన్నాడు. టీచరమ్మ స్టవ్వు మీద నీళ్లు పెట్టింది. ఆయన తల నా వైపు తిరిగింది. "ఎవరండీ?"

"పదిహేడులో ఉంటాను. మీ కట్టెలు తడవలేదు. పొగ వస్తోందని ఆఫీసులో చీటీ వేశాను. నేనే. వచ్చి చెప్పాల్సింది, చెప్పలేదు." గుక్క తిప్పుకోకుండా అన్నాను.

టీచరమ్మ స్టవ్వు తగ్గించింది. ఆయన కుర్చీలో ముందుకి వంగాడు.

"అక్షరాలు గుండ్రంగా రాశారా?"

"అంటే..."

"మేనేజరు చదివి, చదివింది చదివినట్టు చేశాడంటే బాగానే రాసుంటారు. నేను నలభై ఏళ్లు 'ఇచ్చట చెత్త వేయరాదు' అని రాశాను. ఒక్కడూ వినలేదు."

టీచరమ్మ ఫక్కున నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

అప్పుడు గాలి సంగతి చెప్పాను. కర్రపుల్లతో ఇసకలో గీసి చూపించి, ఆయనకి కనబడదని గుర్తొచ్చి, ఆయన వేలు పట్టుకుని ఆ గీత వెంట నడిపించాను. ఇదీ సముద్రం, ఇదీ మీరు, ఇదీ నేను. చోట్లు మార్చుకుంటే మీ పొగ గేటు వైపు పోతుంది, అక్కడ ఎవరూ లేరు. నేను మీ ముందుంటాను, నా మీదికి రాదు.

"మీరు గేటు వైపే కుర్చీ వేసుక్కూర్చుంటారు కదా రోజూ" అంది టీచరమ్మ. "ఎవరైనా రావాలేమోననుకున్నాను. అది వదులుకుంటారా?"

"రావాల్సినవాళ్లెవరూ లేరండీ" అన్నాను.

రెండు టెంట్లూ పీకి వేసేసరికి పదకొండయింది. ఈసారి అవతలి కొస టీచరమ్మ పట్టుకుంది. మేనేజరు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, రిజిస్టరులో రెండు నంబర్లు కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు.

సాయంత్రం వాళ్ల నెగడు. పొగ రవ్వంత కూడా ఇటు రాలేదు. నా ముందు సముద్రం. తను కుర్చీ వేసుకునే చోట నేల కొంచెం పల్లంగా ఉంటుంది, ఇప్పుడూ అలాగే ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకున్నాను. గేటు దగ్గర బళ్లు ఆగిన చప్పుడు వినబడింది. ఎన్నో తెలియదు.

మార్చి 11, మంగళవారం

టీచరమ్మ కేకేసింది, ఒక్కళ్లే ఏం కూర్చుంటారు రమ్మని. వెళ్లాను. కావాలనే పొగ వచ్చే వైపు కూర్చున్నాను. ఎందుకని వాళ్లు అడగలేదు.

ఆవిడ కట్టె తోస్తూ అటు నడిచింది. ఆయన తల అటు తిరిగింది. గిన్నె తేవడానికి ఇటు వచ్చింది. తల ఇటు తిరిగింది. ఒకసారి ఆవిడ మంటకి సరిగ్గా అడ్డంగా నిలబడి జడ ముడి వేసుకుంది. చాలాసేపు వేసుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి చూస్తూ ఉండిపోయాడు. నేను తల తిప్పుకోవలసింది, తిప్పుకోలేకపోయాను.

"మీ ఆవిడ రాలేదా?" అన్నాడు ఆయన.

"వాళ్ల అక్కగారి కాలు..." అని మొదలుపెట్టాను. ఆగాను. "కాలు విరిగి పందొమ్మిది నెలలైంది. నయమై ఏడాదైంది."

"మరి?"

"రాలేదు."

"ఎందుకని?"

"అడగలేదు."

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నాడు ఆయన.

"ఊరుకోండి, ఆయన్ని ఇబ్బందిపెట్టకండి" అంది టీచరమ్మ. కానీ నా వైపే చూస్తోంది, తరగతిలో జవాబు తెలిసీ లేవని పిల్లవాణ్ణి చూసినట్టు.

మార్చి 12, బుధవారం

తొమ్మిదిన్నరకి మెట్ల మీద కూర్చున్నాను. పది దాటాక చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఇవాళ బుధవారం! ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"ఆ కవరులో ఏముంది?"

అటు వెనకాల ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఏ కవరు?" అంది. ఏ కవరో ఇద్దరికీ తెలుసు.

"బల్ల మీద పెట్టావే. జూలైలో."

"మీరు చూశారు కదా."

"చూడలేదు."

"తెరవలేదా?"

"ముట్టుకోలేదు."

నీళ్ల చప్పుడు ఆగింది. ఎవరో కుళాయి కట్టేసినట్టు.

"నేను పిన్ను తీసి మళ్లీ పెట్టాను, మీరు తీస్తే తెలియాలని" అంది మెల్లగా. "అయిదో రోజు చూస్తే పిన్ను వంకరగా ఉంది. మీరు చదివారనే అనుకున్నాను. చదివి, ఏమీ లేదని తెలుసుకుని, ఒక్క మాట, హమ్మయ్య అని ఒక్క మాట అనలేదనుకున్నాను."

"ఏమీ లేదా?"

"కొవ్వు గడ్డండీ. ఏమీ లేదన్నారు. ఆ రోజే చెప్పారు."

మెట్ల మీద కూర్చున్నది మంచిదైంది. మేనేజరు కిటికీలోంచి చూసి, ఏమనుకున్నాడో, కిటికీ తలుపు దగ్గరగా వేశాడు.

"అయితే మీకు... ఇన్నాళ్లూ తెలీదా? ఉందో లేదో?"

"తెలీదు."

"ప్రతి ఆదివారం అక్క కాలు గురించి అడుగుతూ?"

"నీ గొంతు ఎలా ఉందో వినేవాణ్ణి. మొన్న దగ్గావు."

ఫోను తెగిందేమోనని రెండుసార్లు చూశాను. తను ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయాను. పందొమ్మిది నెలలు అంత శ్రద్ధగా విన్న గొంతు, సరిగ్గా ఇప్పుడు పోల్చుకోలేకపోయాను.

"మీతో ఏం మాట్లాడాలో నాకు తెలీట్లేదు. పెట్టేస్తున్నాను" అంది. పెట్టేసింది.

ఏమీ లేదన్నారు. ఆ రోజే చెప్పారు.

ఏమీ లేదన్నారు.

మార్చి 13, గురువారం

పొద్దుటి నుంచి మెట్ల మీదే ఉన్నాను. మధ్యాహ్నం టీచరమ్మ వచ్చి పళ్లెం మూత పెట్టి నా పక్కన ఉంచి, ఒక్క ప్రశ్న వేయకుండా వెళ్లిపోయింది. అడగవలసిన వేళ అడగడం, అక్కర్లేని వేళ ఊరుకోవడం, రెండూ తెలిసిన మనిషి.

నాలుగు దాటాక ఫోను మోగింది. ముందు వదిన. "మరిదిగారూ, నా కాలు బ్రహ్మాండంగా ఉంది. ఇక దాన్ని వదిలిపెట్టండి బాబూ" అని తనకి ఇచ్చింది.

"ఒక్కటి చెప్పండి. ఎందుకు అడగలేదు?"

"భయమేసింది."

"నాకూ వేసింది" అంది. "నేను ఒక్కదాన్నే భయపడ్డాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని విడివిడిగా భయపడ్డామన్నమాట."

తప్పయిపోయిందన్నాను. నెగడు సంగతి చెప్పాను, చీటీ సంగతి చెప్పాను, పెయింటరుగారికి తన భార్య ఎప్పుడు కనిపిస్తుందో చెప్పాను. ఇరవై నిమిషాలు నేనే మాట్లాడాను. తను ఊఁ అంటూ ఉంది. నా గొంతు నాకే కొత్తగా ఉంది, అరువు తెచ్చుకున్నట్టు.

"నేనిక్కడ మొక్కల నర్సరీలో పనిచేస్తున్నాను. ఎనిమిది నెలలైంది" అంది. "నాకు బాగుంది."

నాకు తెలియదు. ఎనిమిది నెలలు, ముప్పై పైన ఆదివారాలు.

"రానా?" అన్నాను.

"ఇంటికి తీసుకెళ్దామనా?"

"కాదు. చూడాలనుంది."

"రమ్మనట్లేదు" అంది. "వద్దని కూడా అనట్లేదు. శనివారం నాకు మధ్యాహ్నం దాకా పనుంటుంది."

మార్చి 14, శుక్రవారం

టెంటు తీశాను. వాళ్లూ సర్దుకున్నారు. పెయింటరుగారు నా చెయ్యి వెతికి పట్టుకుని, "నిన్న సాయంత్రం మంట కొంచెం మసగ్గా అనిపించింది. కట్టెల తప్పో, నాదో" అన్నాడు. టీచరమ్మకి వినబడకుండా అన్నాడు. ఆవిడకి వినబడింది. వినబడనట్టు తాడు చుట్టుకుంటోంది.

ఆ మాట దారంతా నాతో వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు. పక్కన ఎవరూ లేరు.

మార్చి 15, శనివారం

వదిన వాళ్ల ముందు గది. రెండున్నర. వదిన నన్ను కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. గోడ గడియారం, మూడు కుర్చీలు, కిటికీలో చిన్న చిన్న కుండీలు. అవి తను పెట్టినవే. మొక్కల పేర్లు నాకు తెలియవు. తెలుసుకోవాలి. చేతులు ఊరికే ఉండలేక ఈ పుస్తకం తీశాను.

వీధి తలుపు చప్పుడైంది. తను.

ముందు నన్ను చూడలేదు, చెప్పులు విడుస్తోంది. మోచేతుల దాకా మట్టి. నుదుటి దగ్గర జుట్టు తెల్లబడింది, నేను చూడకుండానే తెల్లబడింది. సన్నబడింది. లేదా నేనే మరిచిపోయానేమో. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది, నన్ను చూసింది, కడుక్కుంటూనే ఉంది. మట్టి ఎప్పుడో పోయింది.

లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక రాస్తూనే ఉన్నాను.

వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. చేతులు తుడుచుకోలేదు, నీళ్లు కారుతున్నాయి.

"ఏంటి రాస్తున్నారు?"

"ఏదో."

"అదేదో నాకు చెప్పండి" అంది.

ఆపుతున్నాను.